ఏడు ముడుల దుప్పటి

పొద్దున ఎనిమిదయ్యేసరికి పిల్లల వార్డు దుప్పట్లన్నీ ఉతుకు అయిపోయి డాబా మీదకొచ్చేస్తాయి. దుప్పట్లత్త ఒక్కొక్కటే దులిపి, పై మూలలకి రెండు క్లిప్పులు పెట్టి, తీగకి నిలువునా వేలాడదీస్తుంది. పెట్టీ పెట్టగానే అవి ఊపిరి తీయడం మొదలెడతాయి. ఏ పిల్ల ఏ దుప్పటి మీద పడుకుందో ఆ పిల్ల ఊపిరే. గాలి వీచినా వీచకపోయినా, కింద వార్డులో పిల్ల ఎలా తీస్తుంటే పైన దుప్పటీ అలాగే. తడి ఆరేదాకా తీస్తాయి. ఆరాక మామూలు బట్టలు.

నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టేది నర్సమ్మ. మంచం దగ్గర లెక్కపెడదామంటే, ఆవిడని చూడగానే పిల్లలు ఆరున్నొక్క రాగం అందుకుంటారు. అందుకని పుస్తకం పట్టుకుని డాబా మీదకే వచ్చేస్తుంది.

"మూడోది ముప్పై రెండు. బాగా దిగింది. అయిదోదేంటత్తా, ఇలా ఎగిరెగిరి పడుతోంది?"

"వాడికి ఎక్కిళ్ళులే. పాలు గటగటా తాగేసుంటాడు, తిండిపోతు వెధవ."

ఇద్దరూ నవ్వుకుంటూనే ఏడో దుప్పటి దగ్గరికొచ్చారు. అక్కడ నవ్వు ఆగిపోయింది.

ఏడో మంచం వసపిట్టది. అయిదేళ్ళ పిల్ల. వచ్చిన రోజు సూది గుచ్చుతున్నా మాట ఆపలేదని నర్సమ్మే ఆ పేరు పెట్టింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము, అది కూడా బ్యాక్టీరియాతో వచ్చిన గట్టి రకం. అయిదు రోజులుగా మందు ఎక్కుతూనే ఉంది, జ్వరం మాత్రం మొండికేసి కూర్చుంది. రెండు రోజుల నుంచి వసపిట్ట నోట మాటే లేదు.

"యాభై ఎనిమిది," అంది నర్సమ్మ. "నిన్నటికన్నా ఎక్కువ. డాక్టరమ్మ బండి కూడా చెప్పేసింది. పెద్దాసుపత్రికి పంపుతారట. నాలుగు గంటల దారి. ఈ ఊపిరితో పిల్ల తట్టుకుంటుందా అని భయంగా ఉంది అత్తా."

దుప్పట్లత్త దగ్గరికి జరిగి చూసింది. ఏడో దుప్పటి కుక్కపిల్ల పొట్టలాగా గబగబా ఉబ్బుతోంది, తగ్గుతోంది. కానీ కుడివైపు పైమూలలో మాత్రం చలనం లేదు. నీళ్ళు దిగి బరువెక్కిందేమో అని ఆ మూల పిండింది. ఊహూ. క్లిప్పు మార్చి చూసింది. ఊహూ.

"నర్సమ్మా! ఇదిగో, ఇక్కడ ఊపిరాడట్లేదు! ఏదో అడ్డం పడింది!"

ప్రతి దుప్పటికీ తలవైపు ఎడమ మూలన ఎర్రదారం ముడులుంటాయి, ఎన్నో మంచమైతే అన్ని. ఆ ముడుల్ని బట్టి పిల్లకి ఏది పైనో ఏది కిందో, ఏది కుడో ఏది ఎడమో తెలుస్తుంది. నర్సమ్మ ముడులు పైన ఎడమ మూలనే ఉన్నాయని చూసుకుని, రెండేసి మెట్లు దూకుతూ కిందకి పరిగెత్తింది.

"డాక్టరమ్మా, కుడివైపు పైన! దుప్పటి చెప్తోంది!"

డాక్టరమ్మ వెంటనే స్కానింగ్ మిషను తోయించుకొచ్చింది. వసపిట్ట ఎప్పటిలాగే గోడవైపు తిరిగి, ఎడమపక్కకి ముడుచుకుని పడుకునుంది. మీద ఉన్న కుడిపక్కనే, పైభాగంలో పెట్టి చూసింది. అటూ ఇటూ జరిపి చూసింది.

"ఇక్కడేం లేదే. గాలి శుభ్రంగా ఆడుతోంది."

"దుప్పటి ఎప్పుడూ తప్పు చెప్పలేదమ్మా..."

"ఇప్పుడు చెప్పిందిగా. బండి వచ్చేసింది. ఇంకా ఆలస్యమైతే దారిలో ఇబ్బంది. పిల్లని లేపండి."

వసపిట్ట ఎంత వాగుడుకాయో వాళ్ళమ్మ అంత నోట్లో నాలుక లేని మనిషి. అయిదు రోజుల్లో డాక్టరమ్మతో అయిదు మాటలు మాట్లాడి ఉండదు. ఆవిడ ఇప్పుడు దిండు అంచు నలుపుతూ, "కోప్పడరు కదా?" అంది.

"ఏంటమ్మా, తొందరగా చెప్పు!"

"నిన్న దుప్పటి మార్చినప్పుడు నేను తిప్పి వేశానండి. ముడులు చెంపకి గుచ్చుకుంటుంటే ఏడ్చింది. ఏడు ముడులు కదండీ, మిగతా పిల్లలకి అన్ని లేవు. అందుకని ఆ మూల కాళ్ళవైపుకి పెట్టా."

నర్సమ్మ గట్టిగా అరిచింది.

"అయితే తల కాళ్ళయింది, కుడి ఎడమయింది! ఎడమ! ఎడమవైపు కింద!"

"తిప్పండి పిల్లని!"

తిప్పుతుంటే వసపిట్ట కెవ్వుమంది. నొప్పి ఉన్న పక్కనే అదిమిపెట్టి పడుకుంది పాపం, ఇన్నాళ్ళూ. ఎడమవైపు కింద మిషను పెట్టగానే తెర మీద నల్లగా మడుగు కనిపించింది.

"చీము! ఊపిరితిత్తి చుట్టూ చేరి నొక్కేస్తోంది. మొన్నటి ఎక్స్‌రేలో లేదిది. దీంట్లోకి మందు ఎలా వెళ్తుంది!" డాక్టరమ్మ అప్పటికే చేతులు కడుగుతోంది. "ఇక్కడే తీసేద్దాం. బండిని వెళ్ళిపొమ్మనండి. గొట్టం తెండి, మత్తు సూది తెండి!"

పైన డాబా మీద ఎండ చుర్రుమంటోంది. ఏడో దుప్పటి అంచులు అప్పుడే ఆరిపోతున్నాయి. ఆరిపోతే ఇంకేం తెలియదు. దుప్పట్లత్త బకెట్టు లాక్కొచ్చి, చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ, కదలని ఆ మూలనే చూస్తూ నిలబడింది.

"తియ్యవే తల్లీ. తియ్యి. నీకు పుణ్యముంటుంది, తియ్యి."

ఒక బకెట్టయింది. రెండో బకెట్టు సగమైంది. అప్పుడు ఆ మూల వణికింది, కాగే పాల మీద మీగడలాగా. కొంచెం లేచింది. పడింది. మళ్ళీ లేచింది, ఈసారి ఇంకొంచెం. చూస్తుండగానే దుప్పటి మొత్తం ఎంత ఉబ్బిందంటే, ఒక క్లిప్పు టప్పున ఊడి పిట్టగోడ దాటి ఎగిరిపోయింది!

దుప్పట్లత్త పిట్టగోడ మీదకి వంగి, వార్డు కిటికీ వైపు అరిచింది. "ఆడుతోందర్రా! నాలుగు మూలలూ ఆడుతున్నాయి!"

"తెలుసు! సీసా నిండిపోయింది! అరవకత్తా, పిల్లలు పడుకున్నారు!" అని కింద నుంచి నర్సమ్మ అంతకన్నా గట్టిగా అరిచింది.

ఆ చీముని పరీక్ష చేస్తే ఏ బ్యాక్టీరియానో తేలింది, దానికి తగ్గ మందు మార్చారు. మర్నాడు దుప్పటి నలభై నాలుగు. ఆ తర్వాత ముప్పై అయిదు. నాలుగో రోజుకి జ్వరం లేదు, ఇరవై ఎనిమిది.

ఆ నాలుగో రోజున, ఏడో దుప్పటిని తీగకి తగిలించాక, దుప్పట్లత్త ఆ మంచానికి కొత్తగా వేసే దుప్పటి పట్టుకుని వార్డులోకి వచ్చింది. మంచం పక్కన కూర్చుని ఏడు ముడులూ విప్పేసి, వాటి చోట అదే ఎర్రదారంతో చదునుగా ఏడు కుట్లు వేసింది. తన చెంపకి రాసుకుని చూసుకుంది.

"ఇప్పుడు గుచ్చుకోదు. చూడు."

వసపిట్ట చెంప ఆనించి చూసింది. తర్వాత దిండు కింద చెయ్యి పెట్టి ఒక క్లిప్పు తీసింది.

"అత్తా, ఇది నీదేనా? కిటికీలోంచి వచ్చి నా మంచం మీద పడింది. నేనే దాచా. నర్సమ్మకి చెప్పలా. దీనికి నోరుంది చూడు, ఇలా నొక్కితే తెరుస్తుంది. ఏం తింటుంది ఇది? దుప్పట్లే తింటుందా? మరి రాత్రిపూటో? నీ దగ్గర ఇలాంటివి ఎన్ని ఉన్నాయి? వంద ఉన్నాయా?"

వాళ్ళమ్మ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది.

బయట ఆకు కూడా కదలడం లేదు. పైన డాబా మీద మాత్రం ఏడో దుప్పటి ఒకటే పటపట, పటపట, ఆపితే ఒట్టు.