గుంట మీద పలక

ఆస్పత్రిలో పురుళ్ళు పోసే రామలక్ష్మికి అమలాపురంలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు గానీ, మరుగుదొడ్డి ఉన్న ఇల్లు దొరకడం మహా కష్టమైపోయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు మాట ఇది. అప్పటికి ఊళ్ళో మేడలున్నవాళ్ళు కూడా చెంబు పట్టుకుని కాలవగట్టుకి వెళ్ళేవారే. రామలక్ష్మికీ ఆ అలవాటు ఉన్నదే. తంటా అంతా తల్లి దుర్గమ్మతో. ఓడలరేవులో ఉండగా అరుగు మీంచి జారిపడి ఆవిడకి తుంటి విరిగింది. ఎముక అతికింది గానీ గొంతుక్కూర్చోవడమన్నది ఇక జన్మలో కుదరదన్నారు డాక్టరు గారు.

సరిగ్గా అప్పుడే సూర్యావతి గారి కూతురు సత్యవేణి పురిటికొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. రెండు పగళ్ళు రామలక్ష్మి ఆ మంచం పక్కనించి కదల్లేదు. చివరికి పిల్లవాడు కెవ్వుమన్నాక సూర్యావతి గారు ఆస్పత్రి వరండాలో అందరూ చూస్తుండగా రామలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని, "ఇవాళ్టినుంచి నువ్వు నా పెద్దకూతురివే అమ్మాయ్. మా వెనక వాటా ఖాళీగా ఉంది. మీ అమ్మని తీసుకుని వచ్చేయ్," అన్నారు.

ఆ వెనక వాటాలో ఉన్న మరుగుదొడ్డిని ఊరంతా రంగం దొడ్డి అనేవారు. సూర్యావతి గారి భర్త బంగారరాజు గారు రంగంలో, అదే బర్మా రంగూన్లో, కలప డిపోలో గుమాస్తా చేసేరు. యుద్ధం వచ్చి అక్కణ్ణించి తిరిగొచ్చేసేక, అక్కడ చూసినట్టే కుర్చీలా కూర్చునే పింగాణీ తొట్టి మద్రాసు నించి తెప్పించి, వెనకాల సిమెంటు ట్యాంకు కట్టించి ముచ్చట తీర్చుకున్నారు. ఆయన పోయి నాలుగేళ్ళయినా తొట్టి మాత్రం తళతళలాడుతూనే ఉంది. పని అయ్యేక బాల్చీతో నీళ్ళు కుమ్మరిస్తే గుటుక్కుమని మింగేసేది.

దుర్గమ్మ గోడ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను వెళ్ళొచ్చిన రోజున కూతురి మొహం చూసి సిగ్గుగా నవ్వింది. ఏడు నెలల తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు.

రెండేళ్ళు హాయిగా గడిచేయి. కొడుకు ఉద్యోగం మీద పైఊళ్ళో ఉండడంతో సూర్యావతి గారు పనసకాయ కొడితే సగం వెనక వాటాకే వచ్చేది. రామలక్ష్మి ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేది. సత్యవేణి అత్తారు దగ్గరే ముమ్మిడివరంలో కావడంతో నెలకి పదిహేను రోజులు పుట్టింట్లోనే ఉండేది. అక్కా, అక్కా అంటూ పిల్లవాణ్ణి తెచ్చి దుర్గమ్మ ఒళ్ళో పడేసి కబుర్లలో పడేది.

శ్రావణంలో వానలు పట్టేయి. ఒక పొద్దున్న బాల్చీ కుమ్మరిస్తే నీళ్ళు కిందకి దిగకుండా తొట్టి అంచుదాకా లేచేయి. రామలక్ష్మి నిలబడి చూస్తుండగా ఇష్టం లేనట్టు, కొంచెం కొంచెంగా దిగేయి. మర్నాడు ఇంకా ఆలస్యం. చాకలి సోడా వేసి, మరిగే నీళ్ళు పోసింది. లాభం లేకపోయింది. సన్నటి వెదురు బద్ద తెచ్చి, కొసకి గుడ్డ చుట్టి, వంపు దాటించి లోపలికి నెట్టింది. ఎక్కడో దూరాన మెత్తగా ఏదో తగిలింది. గట్టిగా పొడిచేసరికి అది జారిపోయి, నీళ్ళన్నీ ఒక్కసారిగా దిగిపోయేయి.

హమ్మయ్య అనుకుంది. మూడో రోజుకి మళ్ళీ అదే తంతు.

"వానాకాలం కదా పిన్నిగారూ, ట్యాంకులోకి ఊటనీరు వస్తోందేమో," అంది రామలక్ష్మి, దడి ఇవతల నిలబడి.

సూర్యావతి గారు తులసికోట దగ్గర ముగ్గు పెడుతున్నారు. తలెత్తలేదు. "ఆయన కట్టించినప్పణ్ణించీ ఏ వానాకాలమూ రాని ఊట ఇప్పుడెందుకొస్తుందమ్మా? పెద్దావిడ కదా, ఏ కొబ్బరిపీచో, గుడ్డపేలికో అందులో పడేస్తున్నారేమో కనుక్కో," అన్నారు.

ఆ మాట రామలక్ష్మి చెవిలో దూరి కూర్చుంది. మర్నాడు మళ్ళీ నీళ్ళు నిలిచిపోయేసరికి డ్యూటీకి వేళయిపోతోంది. చేతిలో వెదురు బద్ద, ఒంటిమీద ఇస్త్రీ చేసిన తెల్లచీర. కోపం పట్టలేక తల్లి మీద విరుచుకుపడింది.

"అందులో ఏం పడేస్తున్నావే అమ్మా? నిజం చెప్పు. రోజూ నేనీ చాకిరీ చెయ్యలేను!"

"నేనేం వెయ్యలేదమ్మా," అంది దుర్గమ్మ.

"నువ్వు కాకపోతే ఇంకెవరు? ఇంట్లో ఉండేది నువ్వే కదా!"

ఆ సాయంత్రం రామలక్ష్మి తిరిగొచ్చేసరికి తల్లి కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. మజ్జిగ నాలుగు చుక్కలు తాగి చాలంది. ఒంట్లో బాగోలేదేమోనని నాడి చూసింది రామలక్ష్మి. జ్వరం లేదు. నాలుగో రోజుకి ఆవిడ కళ్ళు లోపలికి పోయేయి. గట్టిగా నిలదీస్తే అప్పుడు చెప్పింది:

"తింటేనే కదా వెళ్ళాల్సొచ్చేది. నీకు చాకిరీ ఎందుకని."

రామలక్ష్మి సెలవు చీటీ పంపించి, నేరుగా తాపీమేస్త్రి వీరన్న ఇంటికి వెళ్ళింది. బంగారరాజు గారి దగ్గర ఆ దొడ్డి కట్టింది వీరన్నే.

వీరన్న వచ్చి తొట్టి చూసేడు. వెదురు బద్ద నెట్టి, మెత్తగా తగలగానే తొట్టి దగ్గర బద్ద మీద గుర్తు పెట్టి, బయటికి లాగి మూరలు కొలిచేడు. ఏడున్నర. గోడ దగ్గర నించి అడుగులేసుకుంటూ వెళ్ళి కొబ్బరాకు దడి దగ్గర ఆగేడు.

"దడి అవతలండి. ట్యాంకుకి ముందు చిన్న గుంటుంటదండి. ఎక్కడైనా అడ్డుపడితే తీసుకోవడానికని అయ్యగారు అడిగి మరీ కట్టించేరు. దానిమీద నాపరాయి పలక. అది ఎత్తి చూస్తే తేలిపోద్దండి."

"ఆ సంగతి పిన్నిగారు నాకెప్పుడూ చెప్పలేదే," అంది రామలక్ష్మి.

సూర్యావతి గారు ఇంట్లో లేరు. కూతురి అత్తారింట్లో ఏదో వ్రతమని పొద్దున్నే బస్సులో ముమ్మిడివరం వెళ్ళేరు. పిల్లవాడికి పడిశం పట్టిందని సత్యవేణి మాత్రం ఉండిపోయింది. మేస్త్రిని చూడగానే ఆ పిల్ల మొహంలో రంగు మారింది.

"అమ్మ వచ్చేక తీద్దురుగానిలే అక్కా. మడి, మైల అంటుంది. నన్ను తిడుతుంది."

"మా అమ్మ నాలుగు రోజులనించి అన్నం తినట్లేదు సత్యవేణీ. నేను ఆగలేను," అంది రామలక్ష్మి, దడి తలుపు తోసుకుని.

పలక చుట్టూ మట్టి కొత్తగా కదిలి ఉంది. వానకి ఇంకా అణగలేదు. వీరన్న గడ్డపార దూర్చి ఒక పక్క ఎత్తితే, రామలక్ష్మి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిస్తే గానీ పలక కదల్లేదు.

గుంట లోపల గొట్టం మూతికి ఏదో కూరి ఉంది. దాని పక్కనించి నీరు సన్నగా కారుతోంది. వీరన్న కర్ర కోసం చూస్తున్నాడు. రామలక్ష్మి చీర కుచ్చెళ్ళు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి దింపింది.

"అమ్మగారూ, వద్దండి. నేను తీస్తానండి."

"ఈ చేతులు చూడనిది లేదులే వీరన్నా."

బయటికొచ్చింది కొబ్బరిపీచు ముద్ద. గోనెగుడ్డలో చుట్టి, నులక తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి కట్టేరు. తాడు రెండో కొస గుంటగోడకి దిగేసిన మేకుకి ముడేసి ఉంది. ఎంత పొడిచినా ఆ ముద్ద ట్యాంకులోకి కొట్టుకుపోకుండా, మళ్ళీ తీసి కూరుకోవడానికి వీలుగా.

వీరన్న మేకుని వేలితో తాకి చూసేడు. "ఇది నేను కొట్టింది కాదండి," అన్నాడు మెల్లిగా. "తుప్పు కూడా పట్టలేదింకా."

ముద్ద తీసెయ్యగానే గొట్టంలో ఆగిన నీళ్ళన్నీ హోరుమని వచ్చి పడ్డాయి. రామలక్ష్మి ఆ చప్పుడు వింటూ, చేతిలో ముద్ద పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆవిడకి మొదట తట్టింది సూర్యావతి గారు కాదు. పక్కనున్న పలక. అది ఒక్క మనిషి ఎత్తేది కాదు.

తల తిప్పి చూసింది. సత్యవేణి పిల్లవాణ్ణి చంకనేసుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"నువ్వూ పట్టేవా?"

సత్యవేణి తలూపింది. "వద్దని చెప్పేను అక్కా. వినలేదు. అన్నయ్యకి ఇక్కడికే బదిలీ అయింది. వదిన కాకినాడలో పెరిగిన మనిషి, బయటికి వెళ్ళనంటోంది. వెనక వాటా కావాలని ఉత్తరం రాసేడు. నిన్ను వెళ్ళమని ఎలా చెప్పాలో అమ్మకి తెలీలేదు."

"రోజూ మా అమ్మ దగ్గరే కూర్చునేదానివి కదే నువ్వు."

సత్యవేణి పిల్లవాడి ముక్కు కొంగుతో తుడిచింది.

మధ్యాహ్నం బస్సుకి సూర్యావతి గారు దిగేరు. పెరట్లో పలక తీసే ఉంది. ముద్ద దాని పక్కనే ఎండలో పడి ఉంది. రామలక్ష్మి స్నానం చేసి, తడి జుట్టుతో వాళ్ళ వెనక అరుగు మీద కూర్చుని ఉంది. సూర్యావతి గారు మొదట ముద్దని చూసేరు, తర్వాత కూతుర్ని చూసేరు. బుకాయించలేదు. ఆ మాట చెప్పుకోవాలి.

"ఏ మొహం పెట్టుకుని అడగను?" అన్నారు, చేతిలో ప్రసాదం పొట్లం అలాగే ఉండగా. "నా పిల్లనీ మనవణ్ణీ దక్కించిన మనిషిని ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఊరు ఉమ్మెయ్యదా? నీ అంతట నువ్వే విసుగెత్తి వెళ్తావనుకున్నాను. ఎవరికీ మాట రాకుండా పోతుందని."

"అడిగితే వారంలో వెళ్ళేదాన్ని కదండీ."

"తెలుసమ్మా."

"తెలిసే చేసేరా?"

సూర్యావతి గారు స్తంభానికి ఆనుకున్నారు. "నువ్వు సరేనంటావు. నవ్వుతూనే వెళ్తావు. అది తట్టుకోవడమే నా వల్ల కాదనుకున్నాను."

రామలక్ష్మికి ఏడుపు రాలేదు. "మీరు నామీద ఏ నింద వేసినా పడేదాన్నండి. మా అమ్మ మీద వేసేరు. నేను మీ మాట నమ్మి, ఆవిణ్ణి నమ్మలేదు. అది మీరు తిరిగివ్వలేరండి," అంది. ఎప్పుడూ పిలిచే పిలుపు ఆ మాటల్లో ఎక్కడా రాలేదు. సూర్యావతి గారికి అది తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేరు.

వారం తిరక్కుండా ఆస్పత్రి వెనక త్రిమూర్తులు గారి పెంకుటింట్లో దిగేరు తల్లీకూతుళ్ళు. సామాను బండెక్కిస్తుంటే సత్యవేణి ఒక్కత్తే వీధిలోకొచ్చింది. దుర్గమ్మ పిల్లవాడి బుగ్గ నిమిరింది గానీ ఎత్తుకోలేదు.

త్రిమూర్తులు గారింట్లో మరుగుదొడ్డి లేదు. వీరన్న తనకి తెలిసిన వడ్రంగి చేత మధ్యలో కంత పెట్టిన చెక్క కుర్చీ ఒకటి చేయించి, పెరట్లో తడికలు కట్టి, కింద గొయ్యి తవ్వి ఇచ్చేడు. రామలక్ష్మి రోజూ గొయ్యిలో ఇంత బూడిద చల్లేది.

ఒక ఆదివారం తల్లికి తలంటిపోస్తుండగా దుర్గమ్మ అడిగింది.

"ఆవిడ మీద కోపం పోయిందా?"

"లేదమ్మా. పోదు కూడాను."

దుర్గమ్మ కుంకుడురసం కళ్ళల్లో పడకుండా తల వంచింది. రామలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. అడగాలని నెల రోజులుగా నోటిదాకా వస్తున్న మాట అప్పటికి బయటపడింది.

"మరి నీకు నామీద?"

ముసలావిడ మొహం మీది నీళ్ళు అరచేత్తో తుడుచుకుంది.

"ఇంకొన్నాళ్ళు పడుతుందమ్మా," అంది. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, పొయ్యి."

రామలక్ష్మి చెంబు ముంచింది.