రీలు చివరి రెండు ఫోటోలు

సక్కుబాయి ఇంట్లో రెండు బకెట్లుండేవి. ఒకటి బియ్యం కడగడానికి, ఒకటి ఫోటోలు కడగడానికి. రెండూ ఆమె చేతికిందివే. ఛత్రినాకలో భిక్షపతి ఫోటో స్టూడియో అంటే వాళ్ల ముందుగది. వెనక వంటిల్లు, దాని పక్కన ఎర్రబల్బు చీకటిగది. బోర్డు మీద పేరు మొగుడిది, చేతులకు పట్టిన ఫోటో మందు వాసన పెళ్లానిది. "పప్పుల గూడ గదే వాసనేందే?" అని అత్త కృష్ణమ్మ ముక్కు మూసుకునేది. మూసుకునే మారు వడ్డించుకునేది.

పెళ్లిళ్లకు పోతే కెమెరా భిక్షపతి మెడలో, స్టాండు సక్కుబాయి భుజం మీద. అది మోయడానికే ఆమెను తీసుకుపోతాడని బస్తీ అంతా అనుకునేది. అసలు సంగతి వేరు. పాతబస్తీలో చాలా ఇళ్లల్లో ఆడవాళ్లుండే జనానాలోకి పరాయి మగవాడు అడుగుపెట్టడానికి లేదు. పర్దా దగ్గర కెమెరా చేతులు మారేది. లోపల పెళ్లికూతురి ఫోటోలన్నీ ఆమె తీసినవే. వాటి వెనక పడే ముద్ర మాత్రం భిక్షపతిది. ఎవరైనా మెచ్చుకుంటే "కెమెరా మంచిది భాయ్" అనేవాడు.

పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి చూసే కెమెరా అది. కోడలు తలొంచుకుని ఉండాలని కాపురానికొచ్చిన నాడే అత్త నేర్పింది. తలొంచుకుంటేనే లోకమంతా కనబడే పెట్టె ఒకటుంటుందని పాపం ఆవిడకేం తెలుసు!

ఆ వానాకాలం చాంద్రాయణగుట్ట దగ్గర ఒక షాదీ ముగించుకుని తెల్లవారి వస్తున్నారు. భిక్షపతి చాయ్ తాగడానికి హోటల్లో కూర్చుంటూ కెమెరా ఆమెకిచ్చాడు. "రెండు ఫోటోలు మిగిలినయ్. ఏదో ఒకటి కొట్టి ముగియ్యి. రీలు అయితెనే గద కడిగేది."

రోడ్డు అవతల గుట్ట. ఇంత లావు రాతిగుండ్లు ఒకదాని మీదొకటి. రాత్రి కురిసిన వాన రెండు గుండ్ల నడుమ నిలిచి, ఆ కాసిని నీళ్లలోనే ఆకాశమంతా పడుకుని ఉంది. సక్కుబాయి తలొంచింది. అక్కడ ఎవరూ నీళ్లడగలేదు. ఎవరూ పేరు పెట్టి కేకేయలేదు. గుండె దడదడలాడింది, సంతోషంతో! మీట నొక్కి, ఒంటరిగా పకపకా నవ్వింది.

అప్పటినుంచి ప్రతి రీలు చివరా మిగిలినవి ఆమెవి. గుండ్లు, మబ్బులు, గడ్డి మీద ఎండ. అన్నం ఉడుకుతుంటే చీకటిగదిలో తొట్టి మీదికి వంగేది. తెల్లకాగితం మీద మెల్లగా గుట్ట లేచొస్తుంటే ఒళ్లంతా పులకరించేది. పొద్దున్నుంచి పడ్డ మాటలన్నీ ఆ నీళ్లలోనే కొట్టుకుపోయేవి.

ఒకనాడు భిక్షపతి కంట పడ్డాయవి. "మనిషే లేని ఫోటో ఏం ఫోటోనే? రాళ్లెవలు కొంటరు? ఇగ జనానాల దప్ప కెమెరా ముట్టకు." కృష్ణమ్మ అందుకుంది. "బియ్యంల రాళ్లేరుడు శాతకాదు గని, గుట్ట మీది రాళ్లు గావాలెనంట!"

ఇంట్లో సక్కుబాయిదంటూ ఉన్నది ఆ చివరి రెండు ఫోటోలే. అవీ పోయాయి.

వారం తిరక్కుండా ఆగమ్మ వచ్చింది. బజారులో కూరగాయలమ్మే మనిషి, బోనాలనాడు తీయించుకున్న ఫోటోలు పట్టుకుపోయింది. సక్కుబాయి అంచులు కత్తిరించేటప్పుడు గుండ్ల ఫోటో ఒకటి వాటిలో కలిసిపోయిందని ఎవరూ చూసుకోలేదు. మర్నాడే ఆమె మళ్లీ వచ్చింది.

"గిదెవలు దీసిండ్రు బిడ్డా?" ఆగమ్మ ఆ ఫోటో చూపించింది.

లొల్లి అవుతుందని భిక్షపతి భయపడ్డాడు. "మా ఆమె పొరపాటు అవ్వా. వాపసియ్యి."

"ఎందుకిస్త? గిది మా గుండు. నేను, మా ఆయన గీడనే రాళ్లు గొట్టినం. గీ నీళ్లల్లనే మొకాలు గడుక్కున్నం. ఆయన పొయ్యిండు. ఎల్లుండి మందు వెట్టి గుండును గూడ పేలుస్తరంట. దాని ముంగట నన్ను నిలవెట్టి ఒక్కటి దియ్యి. గిట్లనే, ఆకాశం నీళ్లల్ల పడాలె. గిది దీసినోల్లే రావాలె."

భిక్షపతి ముఖం వెలిగింది. "నేనే దీసిన అవ్వా. రేపు పొద్దుగాల పోదాం."

వంటింటి గడపలో సక్కుబాయి అంతా విన్నది. తప్పయితే తనది, మెప్పయితే ఆయనది! ఒళ్లు మండింది. కానీ మంట కంటే పెద్దగా సంబరం పొంగింది. ఆ రాయిని ఇంకో మనిషి గుర్తుపట్టింది! తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది.

"అబద్ధం అవ్వా. అది నేను దీసిన. రేపు గూడ నేనే తీస్త."

ఆగమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ఫోటోను రొమ్ముకు హత్తుకుంది. "అయితె నువ్వే రా బిడ్డా."

మర్నాడు తెల్లవారకముందే సక్కుబాయి చిలక్కొయ్యకున్న కెమెరా తీసి తన మెడలో వేసుకుంది. వాకిట్లో ఆగమ్మ కొత్తచీర కట్టుకుని నిలబడి ఉంది. భిక్షపతి ఖాళీ చేతులతో అటూ ఇటూ చూశాడు.

"మరి నేనేం జెయ్యాలె?"

"స్టాండు ఎత్తుకో," అంది సక్కుబాయి, గడప దాటుతూ.