సీట్లు లేని సైకిళ్ళు

బస్‌స్టాపు దగ్గరి బల్ల పోయింది కాలేజీ పిల్లల వల్లే. అందులో వాదన లేదు. కూర్చునే చోట బూట్లు పెట్టి, వీపు ఆనించుకునే చెక్క మీదికెక్కి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. చెక్క విరిగింది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి మిగిలింది పెకలించుకుపోయారు. విరగ్గొట్టినవాళ్ళు చదువులు ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు. సైకిల్ మేస్త్రీ మాత్రం ఆ తర్వాత చేరిన ప్రతి పిల్లవాడి నెత్తినా ఆ నేరం వేసి ఉంచాడు.

ఆయన కొట్టు ఆ బస్‌స్టాపు పక్కనే. భార్య బతికున్న రోజుల్లో, సాయంత్రం కుట్టు పని ముగించుకుని వచ్చి ఆ బల్ల మీద కూర్చునేది. బల్ల రోడ్డు వైపు ఉండేది. ఆమె మెడ తిప్పుకుని కొట్టు వైపు చూస్తూ, ఈయన షట్టరు దించేదాకా అక్కడే ఉండేది. లోపలికి రమ్మంటే గ్రీజు కంపు అనేది. బల్ల పోయాక కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడింది. చివరిదాకా నిలబడే ఉంది.

బల్ల వేయమని ఆయన అప్పట్లో వార్డు ఆఫీసుకు వెళ్ళాడు. "ఇంకెవరూ అడగడం లేదే, మీ ఒక్కరికేనా?" అనిపించుకుని వచ్చాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

లేకలేక పుట్టిన కూతురు ఇప్పుడు అదే కాలేజీలో చదువుతోంది. ఫోనులో ఒక పేజీ నడుపుతోంది. విద్యార్థులను వార్డు సభలకు కదిలించడం దాని పని.

"ఈసారి సభలో బల్ల సంగతి పెట్టించాను నాన్నా. కాలేజీలో సగం మంది వస్తామని నొక్కారు."

"నొక్కడానికేం, వేలుంటే చాలు."

సభకు వచ్చింది ఇద్దరు. అందులో ఒకడు ఫ్యాను కోసం వచ్చాడు. మంది చాలలేదని సభ వాయిదా పడింది. మర్నాడు కొట్టు ముందు ఒక ఉంగరాల జుట్టువాడు ఆ పిల్లను పలకరించాడు.

"నిన్న సభ బాగా జరిగిందా?"

"నువ్వు రాలేదుగా?"

"అదేంటి, వస్తానని పెట్టానుగా."

వాడు వేళాకోళం చేయడం లేదు. నొక్కిన క్షణంలోనే వెళ్ళొచ్చినట్టు వాడి మనసు కుదుటపడింది. మిగిలినవాళ్ళదీ అదే వరస.

వచ్చే సభకూ మంది లేకపోతే బల్ల మాట పూర్తిగా కొట్టేస్తామని వార్డు గుమస్తా చెప్పాడు. ఆ పిల్ల కొట్టులో డబ్బా మీద కూలబడింది. తండ్రి అప్పుడు రిపేరుకొచ్చిన సైకిల్ సీటు ఊడదీసి గోడ మేకుకు తగిలిస్తున్నాడు. బండి ఏదైనా ముందు ఆయన చేసే పని అదే. సీటు గోడ మీదుంటే ఎవడూ చెప్పకుండా బండెక్కి పోలేడు.

"నువ్వు వాళ్ళ మాట తీసుకున్నావు. నేనైతే సీటు తీసుకునేవాణ్ణి" అన్నాడు, పుండు మీద కారం చల్లినట్టు.

ఆ పిల్ల ఏడవలేదు. లేచి, గోడకు వేలాడుతున్న సీట్లను ఫొటో తీసింది. 'సభకు నిజంగా వచ్చేవాళ్ళు మీ సైకిల్ సీటు మా నాన్న దగ్గర వదలండి. సభలో తిరిగిస్తాడు' అని పేజీలో పెట్టేసింది.

"వార్డు ఆఫీసులో సభకా? నేను ఆ గడప తొక్కను."

"తొక్కకు. బస్తా పట్టుకుని బయట నిలబడు."

మొదట ఉంగరాల జుట్టువాడే వచ్చాడు. "తాతా, జాగ్రత్త. ఇది మా అన్నయ్యది."

"ఇది సీటా? దీని మీద కూర్చుని మీ అన్నదమ్ములు ఇంకా నడుస్తున్నారంటే గట్టివాళ్ళే."

వాడు నిలబడి తొక్కుకుంటూ వెళ్ళడం ఎవరో వీడియో తీసి పెట్టారు. ఆ తర్వాత గోడ మీద మేకులు చాలలేదు. సైకిల్ లేని హాస్టల్ పిల్ల ఒకతె తన కుర్చీ మీది దిండు తెచ్చిచ్చింది. మేస్త్రీ విసుక్కుంటూనే దానికీ ఒక మేకు కొట్టాడు. వీధంతా సీట్లు లేని సైకిళ్ళు. చూసి లోలోపల నవ్వుకున్నాడు గానీ, అది ఎవరి కంటా పడనివ్వలేదు.

సభ రోజు బస్తాలు రిక్షాలో వేసుకుని వెళ్ళి గడప బయట నిలబడ్డాడు. లోపల హాలు నిండింది. గుమస్తా తలుపు దగ్గరికి వచ్చాడు.

"బయటివాళ్ళు లెక్కలోకి రారండి. చెయ్యెత్తాలంటే లోపలికి రావాలి."

మేస్త్రీ గడప వంక చూశాడు. బస్తా భుజానికెత్తుకుని దాటాడు.

చేతులు లేచాయి. బల్ల ఖాయమైంది. అంతలో ఉంగరాల జుట్టువాడు లేచాడు.

"సార్, దాన్ని రోడ్డు వైపు కాదు, సైకిల్ కొట్టు వైపు తిప్పి వేయించండి."

"బస్సు రోడ్డు మీద వస్తుంది నాయనా, కొట్టులోంచి రాదు" అన్నాడు సభ నడిపే పెద్దమనిషి. అందరూ నవ్వారు.

"బస్సుకు హారన్ ఉంది కదా సార్."

ఎందుకలా అని పెద్దమనిషి అడిగాడు. వాడు ఆ పిల్ల వంక చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో మేస్త్రీకి అర్థమైంది. బస్తాలోంచి ఒక సీటు తీసి, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. పెద్దమనిషి ఆయన వంక కాసేపు చూసి, అలాగే రాసుకోమని గుమస్తాకు చెప్పాడు.

కొత్త బల్ల వచ్చింది. పిల్లలు కూర్చుంటున్నారు. ఎవడైనా కాలు పైకెత్తితే మేస్త్రీ కొట్టులోంచే స్పానరు చూపిస్తాడు. కాలు దిగుతుంది.

ఒక సాయంత్రం కూతురు అక్కడ కూర్చుని, ఆయన షట్టరు దించేదాకా చూసింది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. బల్ల మీంచి కొట్టు ఎలా కనిపిస్తుందో ఆయన అంతవరకూ చూడలేదు. మెడ తిప్పకుండానే మొత్తం కనిపించింది.

"బాగుంది కదా నాన్నా?"

"గ్రీజు కంపు ఇక్కడిదాకా వస్తోంది."

"పేజీలో ఏం రాయను?"

"విరగ్గొట్టినవాళ్ళను క్షమించానని మాత్రం రాయకు. క్షమించలేదు. బల్ల పోయింది, బల్ల వచ్చింది. ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."