రెండు మసీదులకూ ఒకే వేళ

రంజాన్ నెల వస్తే లాము దీవిలో ఫూమో ఇంట్లో మొగుడూ పెళ్ళాల ఉపవాసం ఒకేసారి ముగిసేది కాదు. గుట్ట మసీదులో అజాన్ ఇచ్చేది అతని బాబాయి. రేవు మసీదులో ఇచ్చేది అతని మామగారు. ఎవరి గడియారం వారిదే. బాబాయి పిలుపు వినబడగానే ఫూమో ఖర్జూరం నోట్లో వేసుకునేవాడు. భార్య మ్వనాతె తన తండ్రి పిలుపు వచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. పెద్దలిద్దరూ మాటలు మానేసి చాలాకాలమైంది.

ఫూమో రేడియోలు బాగుచేస్తాడు. ఆ యేడు పాత సామానంతా పోగేసి ఒక పెట్టె కట్టాడు. టైమ్ సర్వర్ అంటారు దాన్ని. ఆకాశంలో ఉపగ్రహాలు చెప్పే వేళను పట్టుకుని, రెండు మసీదుల గోడ గడియారాలకూ అందిస్తుంది. దాని ఏంటెనా తెల్లగా, సగం గుడ్డులా ఉంటుంది. అది ఇంటి మిద్దె మీద బిగించాడు. ఉపగ్రహాలు కనబడకపోతే పెట్టె ఏ వేళా చెప్పదు. అబద్ధమాడేకంటే నోరు మూసుకోవడం మేలని తనే అలా అమర్చాడు.

పొద్దున్నుంచీ బాగానే నడిచేది. సాయంత్రం అసర్ నమాజు దాటిన కాసేపటికి రెండు గడియారాలూ అంకెల బదులు ఉత్త అడ్డగీతలు చూపేవి. పెద్దలు మళ్ళీ తమ గడియారాలు తీసేవారు. ఇవాళ కూడా మొరాయిస్తే పీకి పంపేస్తామని ఇద్దరూ కబురు చేశారు.

"చూశావా, మీ నాన్ననీ మా బాబాయినీ కలిపాను" అన్నాడు ఫూమో.

"నిన్ను తిట్టడానికి కలిశారు. అదీ ఓ కలయికేనా" అంది మ్వనాతె.

అతను వైరు మార్చి చూశాడు. టంకం మళ్ళీ పెట్టాడు. వేడి అనుకుని పెట్టెకు ఫ్యాను తగిలించాడు. రోజూ చీకటిపడ్డాక మిద్దె ఎక్కితే ఏ లోపమూ కనబడేది కాదు. అసర్ తరవాత ఎక్కడానికి లేదు. ఆ వేళ మిద్దెలు ఆడవాళ్ళవి. ముసుగులు తీసేసి, పొయ్యిలు రాజేసి, మిద్దె నుంచి మిద్దెకు కబుర్లు చెప్పుకుంటారు. మగవాడు తల పైకెత్తితే వీధంతా నవ్విపోతుంది.

ఆ సాయంత్రం ఫూమో కింద పెట్టె తెర ముందే కూర్చున్నాడు. ఏ ఉపగ్రహం ఎంత బాగా అందుతోందో చూపే గీతలు తెర మీద పొడుగ్గా నిలబడి ఉన్నాయి. పైన గిన్నె ఒకటి ఖంగుమంది. గీతలన్నీ కూలబడ్డాయి.

అతను మెట్లెక్కి, కొస మెట్టు దగ్గర ఆగి, గోడవైపు తిరిగి కేకేశాడు. పైన కిలకిలలు. బదులు పలికింది నాయనమ్మ బీ కుపోనా. మనవణ్ణి మొగుడని పిలవడం అక్కడి నాయనమ్మల హక్కు.

"ఏం మొగుడా, ఉపవాసం పూట నామీద మనసైందా?"

"నా ఏంటెనా మీద ఏం పెట్టావు నాయనమ్మా?"

"సత్తు గిన్నె బోర్లించాను. చేపల వాసనకి కాకులొస్తాయి, నీ గుడ్డుని పొడిచేస్తాయి. రోజూ నేనే కాపాడుతున్నాను. మళ్ళీ నాకు గంజికి గిన్నె కావాలిగా, చీకటిపడగానే తీసేస్తాను."

ఫూమో మెట్టు మీద కూలబడి నవ్వాడు. ఆ గుడ్డుకి ఆకాశం కనబడాలనీ, సత్తు అడ్డం పెడితే గుడ్డిదైపోతుందనీ చెప్పాడు. మరి కాకుల సంగతేమిటని ముసలామె నిలదీసింది. మ్వనాతె అన్నం మీది ఆకు మూత తీసి గుడ్డు మీద పెట్టింది. ఫూమో కిందికి పరుగెత్తాడు. గీతలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఆకు అడ్డు రాదని కిందనుంచే అరిచాడు.

"ఐతే కాకులకి అన్నం వడ్డించినట్టే" అంది బీ కుపోనా.

పొద్దు గుంకింది. గుట్ట మీంచీ రేవులోంచీ ఒకే క్షణాన పిలుపు లేచింది. కొస మెట్టు మీద కూర్చుని ఫూమో, మ్వనాతె ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఖర్జూరాలు నోట్లో వేసుకున్నారు. పక్క మిద్దెలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

నమాజు కాగానే పెద్దలిద్దరూ గుమ్మంలోకి వచ్చారు. మొదలెట్టడం ఒకేసారి అయినా బాబాయి రాగం తీసి ఆలస్యంగా ముగించాడని మామగారి ఫిర్యాదు. గొంతు లేనివాళ్ళే తొందరగా ముగిస్తారని బాబాయి జవాబు. మ్వనాతె వాళ్ళ మధ్య పళ్ళెం పెట్టింది. ఇద్దరూ వాదన ఆపకుండానే అందులో చేతులు పెట్టారు.