ఇంటికి పట్టిన మూర్ఛ

దీపాలు వేసే వేళకి రోజూ ఇంటికి ఫిట్స్ వచ్చేవి. బట్టలు కుట్టే తల్లి మిషను ఆపి, గ్లాసులు పడిపోకుండా అలమరకి అడ్డం నిలబడేది. కిటికీ రెక్కలు టపటప కొట్టుకునేవి, తలుపు గడియ పళ్లు కొరికేది. కూతురు చిట్టి మాత్రం తలెత్తకుండా లెక్కలు చేసుకునేది.

అవి ఒకప్పుడు చిట్టివే. ఏ మందుకీ లొంగకపోతే డాక్టరు గంజాయి మొక్క నుంచి తీసిన నూనె చుక్కలు రాసిచ్చాడు. అవి నాలుక కింద పడ్డ సాయంత్రమే మూర్ఛ పిల్లని వదిలి గోడలకెక్కింది.

"గంజాయి తాగేవాణ్ణి గడప తొక్కనివ్వని ఇల్లు ఇది. పసిదాని నోట్లో పోస్తావా?" అని అత్తగారు ఆ రోజు తిండి మానేసింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఇప్పుడు ఆవిడే నొప్పెడుతున్న తన మోకాళ్లు పట్టుకుని "నాకూ రాయించవే" అంటోంది. మందులషాపు ముందు వరస వీధి మలుపు దాటింది. ఎదురింటి మాస్టారికి క్యాన్సర్ నొప్పి తగ్గి, ఆయన వసారా మూలగసాగింది. పక్కింటి డ్రైవరుగారి నడుంనొప్పి వాళ్ల మెట్లకి పట్టుకుంది. గోడలు మూలిగితే జనం టీవీ సౌండు పెంచుకునేవాళ్లు.

తల్లికి మాత్రం భయం పట్టుకుంది. గోడలో పగులు కప్పుదాకా పాకింది. మేస్త్రీ వచ్చి అందులో వేలు పెట్టి చూశాడు.

"ఇల్లు అలిసిపోయిందమ్మా. ఇంక మొయ్యలేదు."

"మొయ్యకపోతే?"

"ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోతుంది," అన్నాడు, చిట్టి వైపు చూడకుండా.

ఆ సాయంత్రం ఇల్లు వణుకుతుంటే, ఒకప్పుడు పిల్ల తల పట్టుకున్నట్టే పగులుకి రెండు చేతులూ ఆనించి పట్టుకుందామె. అప్పట్లో ప్రతిసారీ అన్న మాటే మళ్లీ అంది: "దానికెందుకు, నాకు రాకూడదా." ఆ రోజుల్లో ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఈసారి గోడ విని, కాసేపటికి నెమ్మదించింది.

మర్నాడు ఆ వేళకి గ్లాసులు కదల్లేదు. తల్లి చటుక్కున చిట్టి వంక చూసింది. పిల్ల పెన్సిలు చెక్కుకుంటోంది.

"ఇవాళ ఇంటికి ఇంకా రాలేదేంటమ్మా?"

అప్పుడే మిషను మీద ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. కుట్టు వంకర పోయింది. ఈ చేత్తో ఇంక ఎవరి బట్టలూ కుట్టలేనని తెలిసి ఏడుపొచ్చింది. దాంతోపాటే ఎన్నాళ్లుగానో ఎరగని నిశ్చింతా వచ్చింది.

"వచ్చిందిలే," అంది, చేతిని గుడ్డ కింద దాచుకుంటూ. "నువ్వు లెక్కలు చేసుకో."