మలుపు తిరిగిన వెలుగు

పొద్దున్నే బట్టలు ఉతకడం అయ్యాక అమ్మ వరండాలో నిలబడి ఎండను లోపలికి పిలిచేది. "రా, ఇటు రా" అనగానే ఎండ గడప దాటి, నడవలో మలుపు తిరిగి, కిటికీ లేని వెనకగదిలో తీగ మీది తడిబట్టల మీద పడేది. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "వదినా, మా వంటింట్లోకి కూడా కాస్త తోలండి, బియ్యంలో రాళ్లు కనబడి చావట్లేదు" అనేది. అమ్మ తోలేది. అందులో వింతేముంది?

వింతంతా కూతురి మొండిపట్టులోనే ఉండేది. ఆమె పనిచేసేది ఆసుపత్రి పై అంతస్తులో ఉన్న ప్రయోగశాలలో. గోరంత గాజు చిప్ మీద వెంట్రుక కన్నా సన్నటి దారులు మూడు చెక్కి, వాటిలో వెలుగును నడిపించాలని ఆమె ఆరాటం. ఇంట్లో అందరూ ఆమెను చిప్పమ్మ అనేవారు. "చదివీ చదివీ చివరికి చేతికి చిప్ప వచ్చింది" అని అన్నయ్య ఏడిపించేవాడు.

దారిలో నడిచే వెలుగు రవ్వంత పైకి ఉబికి, చిప్‌ను అంటుకుని ఉన్నదాన్ని మాత్రమే వెలిగిస్తుంది. అందుకని ఒక్కో దారి మీద ఒక్కో రకం క్రిమిని పట్టుకునే పూత పూసింది. రక్తపుచుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే, ఏ దారి వెంట చుక్కలు మెరిస్తే ఆ క్రిమి ఉన్నట్టు. చెప్పడానికి ఇంతే. చేతల్లోకి వచ్చేసరికి వెలుగు మలుపు దగ్గర చిల్లికుండలో నీళ్లలా కారిపోయేది. మైక్రోస్కోపు తెర మీద అంతా మసక.

"నేనొచ్చి దానికో మాట చెప్పనా?" అని అమ్మ అడిగేది.

"వద్దమ్మా. ఊరూరి ఆసుపత్రికీ నిన్ను పంపిస్తామా? దానంతట అదే నడవాలి." మళ్లీ చెక్కేది, మళ్లీ పక్కన పడేసేది.

అలా ఉండగా అన్నయ్యకు, వదినకు ఆడపిల్ల పుట్టింది. వారం తిరక్కముందే పాప పాలు తాగడం మానేసింది. ఒళ్లు కాలిపోతుంటే చిప్పమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. పిల్లల డాక్టరు దాపరికం లేకుండా చెప్పింది: "రక్తంలో ఏదో క్రిమి చేరింది. మామూలు మందుకు లొంగట్లేదు. ఇంకో రెండు మందులున్నాయి కానీ, తప్పుమందు పడితే ఈ పసిప్రాణం తట్టుకోలేదు. ఏ క్రిమో తేలాలంటే ఎల్లుండి దాకా ఆగాలి."

"అప్పటిదాకా ఇది ఆగుతుందా?" అంది వదిన.

చిప్పమ్మ పాప రక్తం కాస్త అడిగి తీసుకుని మెట్లెక్కింది. ఒక చిప్ మీద వేసింది, ఇంకోదాని మీద వేసింది. మసకే. మూడోది చేతిలోకి తీసుకుని ఆగింది. ఇన్నాళ్ల పంతాన్ని పక్కనపెట్టి ఫోన్ చేసింది. "అమ్మా, ఒక్కసారి రా."

అమ్మ ఆయాసపడుతూ వచ్చి, చిప్ వైపు కళ్లు చికిలించి చూసింది. "ఇంత సన్నటి సందులోకి దాన్నెప్పుడూ పంపలేదే. వెళ్లాక మళ్లీ నా మాట వింటుందో లేదో."

చిప్పమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "అయితే వద్దులే. ఇంకేదైనా ఆలోచిస్తాను."

"అవతల పిల్ల అలా ఉంటే ఇంకా ఆలోచనలేమిటే? నోరు మూసుకుని చుక్క వెయ్యి."

చుక్క వేసింది. అమ్మ వంగి, మెల్లగా, "పో తల్లీ. అక్కడే ఉండు" అంది.

వెలుగు దారిలోకి దూరింది. మలుపు తిరిగింది. ఒక్క బొట్టు కారలేదు. తెర చీకటైపోయి, ఆ చీకట్లో నడిమి దారి వెంట ఒకటొకటిగా చుక్కలు మెరిశాయి. పక్కదారులు రెండూ నల్లగానే ఉన్నాయి. నమ్మకం చాలక, జబ్బులేని రక్తం ఏం చూపిస్తుందోనని చిప్పమ్మ తన వేలు పొడుచుకుని, పక్కన పడేసిన పాత చిప్ ఒకటి తీసి దాని మీద వేసింది. అమ్మ పెదవి కదపకముందే వెలుగు అందులోనూ మలుపు తిరిగింది. అన్ని దారులూ నల్లగా ఉన్నాయి.

కబురందిన డాక్టరు పరుగున వచ్చి తెర ముందు వంగింది. "నడిమిదేనా?"

"నడిమిదే."

డాక్టరు మెట్లు దిగుతూనే నర్సుకు మందు పేరు కేకేసి చెప్పింది.

సాయంత్రానికి జ్వరం తగ్గుముఖం పట్టింది. మర్నాడు పాప కళ్లు తెరిచి, పాల కోసం ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. అన్నయ్య గోడకు ఆనుకుని తనూ ఏడ్చాడు.

తల్లీకూతుళ్లు ఇంటికి బయల్దేరారు. మెట్ల మలుపులో బల్బు మాడిపోయి ఉంది. ఏనాడూ చీకట్లో తడుముకోని అమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"పిలవమ్మా" అంది చిప్పమ్మ.

"పిలిచానే. పనిలో ఉన్నట్టుంది." అమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "పద, నువ్వు ముందు నడు."