సగం మంచం

మేం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళను వ్యాన్లు ఎక్కిస్తున్నారు.

అంతా రాత్రి షిఫ్టు ఆడవాళ్ళు. తడిసిన ఏప్రన్లు కూడా విప్పనివ్వలేదు. ఒకామె కాళ్ళకు చెప్పుల్లేవు. పోలీసులు గొర్రెల్ని తోలినట్టు తోలుతుంటే, మా పగటి షిఫ్టు వాళ్ళం ఎదురుగోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాం. వ్యాను కిటికీకి ఇనుప జాలీ ఉంది. దాన్ని లోపలినుంచి పట్టుకున్న వేళ్ళు మాత్రం కనిపించాయి. నీళ్ళలో నాని నాని తెల్లగా పాలిపోయిన వేళ్ళు. మా వేళ్ళూ అలాగే ఉంటాయి.

వ్యాన్లు కదిలాక మేస్త్రీ చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏంటి, సినిమా చూస్తున్నారా? లోపలికి నడవండి. దుప్పట్లు గుట్టలు పడున్నాయి."

నడిచాం. ఏం చేస్తాం, పొట్ట ముందు నడుస్తుంటే కాళ్ళు దాని వెనకే పోతాయి.

మాది బట్టలుతికే ఫ్యాక్టరీ. ఊళ్ళో హోటళ్ళూ ఆస్పత్రులూ వాడి పారేసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ మా దగ్గరికి వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఆవిరి ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి పంపుతాం. మేమూ వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళమే గానీ, పగలు పనిచేసే మాకు ఇక్కడ పని చేసుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చిన కార్డులున్నాయి. ఏటా కొత్తది తీసుకోవాలి, మేస్త్రీ సంతకం పెడితేనే అది వస్తుంది. రాత్రి పనిచేసే వాళ్ళకు అదీ లేదు. సరిహద్దు దొంగతనంగా దాటి వచ్చినవాళ్ళు. తనిఖీకి వచ్చే అధికారులు పగలే వస్తారు కాబట్టి కార్డున్న వాళ్ళకు పగలు, లేనివాళ్ళకు చీకటి. వాళ్ళు వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళాకే మాకు ముందు గేటు తీసేవాళ్ళు. ఒకే మెషిన్ల మీద, ఒకే బల్లల దగ్గర పనిచేస్తూ ఒకరి మొహం ఒకరం ఎరగం. ఆ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ గట్టి బుర్రే.

ఆ రోజు నా బల్ల మీద సగం మడిచిన దుప్పటి ఒకటి ఉంది. రెండు మడతలు పడ్డాయి, మూడోది పడలేదు. పోలీసులు వచ్చినప్పుడు ఎవరో అక్కడ వదిలేశారు. ఆ మూడో మడత నేను పెట్టాను.

సాయంత్రం గదికి వెళ్ళాను. గది అంటున్నాను గానీ, నాదని చెప్పుకోడానికి అందులో ఉన్నది సగం మంచం. నవ్వకండి. మా ఇల్లుగలామె మంచాలను పూటల లెక్కన అద్దెకిస్తుంది. రాత్రి ఆ మంచం నాది, పగలు ఇంకొకామెది. ఆమెదీ మా ఫ్యాక్టరీయే, రాత్రి షిఫ్టు. నేను వచ్చేసరికి ఆమె వెళ్ళిపోయేది, ఆమె వచ్చేసరికి నేను వెళ్ళిపోయేదాన్ని. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. పేరు తెలియదు. నా మటుకు నేను రాత్రక్క అని పిలుచుకునేదాన్ని. అక్క అని ఎలా తెలుసంటే, దిండు మీద అప్పుడప్పుడూ నెరిసిన వెంట్రుక దొరికేది.

ఇంకొన్ని సంగతులూ తెలుసు. ఎడమవైపు తిరిగి, గోడకు మొహం పెట్టి పడుకుంటుంది. పరుపుకి అక్కడ గుంట పడింది. కుడిభుజం నొప్పి. దుప్పటికి ఆ వైపు ఎప్పుడూ నొప్పి మందు వాసన. నేను చేరిన కొత్తలో, లేచాక దుప్పటి కూడా మడవదు, ఎంత బద్ధకం ఈవిడకి, అని విసుక్కునేదాన్ని. తీరా దూరి పడుకుంటే లోపల వెచ్చగా ఉంది. అప్పుడు అర్థమైంది. ఒంటి వేడి పోకుండా దుప్పటి పరిచి, అంచులు పరుపు కిందికి చుట్టూ దోపి వెళ్తోంది. నాకోసం. ముక్కూ మొహం తెలియని నాకోసం. మర్నాటి నుంచి నేనూ అలాగే దోపి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఫోనులో మా అమ్మ "తోడెవరైనా ఉన్నారా అమ్మా అక్కడ?" అని అడిగేది. "ఉందమ్మా, ఒక అక్క ఉంది" అనేదాన్ని. "ఎలా ఉంటుంది?" అంటే "మంచిది" అనేదాన్ని. నేను చెప్పగలిగింది అంతే.

ఆ సాయంత్రం దుప్పటి నేను పొద్దున దోపినట్టే ఉంది. చెయ్యి లోపలికి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

జాలీని పట్టుకున్న వేళ్ళు గుర్తొచ్చాయి. అందులో ఏవి ఆమెవో నాకు తెలియదు. ఎంతో జనం ఉన్న ఆ ఊళ్ళో నేను ఒంటరిదాన్నని ఎప్పుడూ తెలిసిందే గానీ, అంత ఒంటరితనం అంతకుముందు ఎరగను. గుంట ఉన్న వైపు ఆమెకు వదిలేసి, ఇటు అంచున ముడుచుకుని పడుకున్నాను. వెచ్చబడడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తిండి దగ్గర పెద్ద రగడ జరిగింది. కార్డులేని వాళ్ళందర్నీ పంపించేస్తాం, మీ ఉద్యోగాలు కాపాడతాం అని మంత్రి రేడియోలో చెప్తున్నాడు. మా కార్డు వదిన చప్పట్లు కొట్టింది. ఆమెకు ఆ పేరు పెట్టింది మేమే. కార్డుని రిబ్బనుకు కట్టి మెళ్ళో వేసుకుని తిరిగేది, కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోడానికి కూడా దాన్ని చూపించేలా ఉండేది.

"మంచి పని చేశారు. మనం లైన్లో నిలబడి వచ్చాం, వాళ్ళు దొడ్డిదారిన వచ్చారు. చట్టమంటూ ఒకటి ఉండాలా వద్దా?" అంది వదిన.

ఇస్త్రీ మెషిన్ పెద్దమ్మ నోట్లో ముద్ద మింగి, "నీకు లైనుంది గనక నిలబడ్డావే. లైనే లేని చోటునుంచి వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడాలి?" అంది.

"వాళ్ళు తక్కువకి చేస్తారు, దాంతో మనకీ కూలి పెరగదు. అది అబద్ధమా?"

"అబద్ధం కాదు. ఎందుకు తక్కువకి చేస్తారు? నోరెత్తితే వ్యాను వస్తుందని. వాళ్ళ చేతిలోనూ కార్డు పెట్టి చూడు, ఎవడు తక్కువిస్తాడో! పనిచేసినవాళ్ళని పట్టుకుపోయారు గదా, పనిలో పెట్టుకున్నవాణ్ణి పట్టుకున్నారా?"

"అయితే వచ్చినవాళ్ళందరికీ పప్పుబెల్లాల్లా పంచిపెట్టాలంటావా కార్డులు?"

పెద్దమ్మ "ఏమో నాకేం తెలుసు. నేను మంత్రినా?" అని లేచిపోయింది. వదిన మాటలో నిజం బొత్తిగా లేకపోలేదు, అందుకే నాకు ఒళ్ళు మండింది. "ఆ వెళ్ళినవాళ్ళలో మా అక్క ఉంది" అన్నాను. "నీకు అక్కెక్కడిదే?" అని అందరూ నావైపు చూశారు. చెబితే నవ్వుతారని చెప్పలేదు.

ఇప్పుడు కాలేజీ పిల్లలు మీటింగుల్లో నన్ను నిలబెట్టి, ప్రభుత్వం ఏం చెయ్యాలి అని అడుగుతుంటారు. నేను తాళం సంగతి చెప్తాను.

తిండి దగ్గర రగడ జరిగిన మర్నాడు మేస్త్రీ మమ్మల్ని రెండు ముక్కలు చేశాడు. కొత్త బ్యాచ్ వచ్చేదాకా సగం మంది రాత్రి షిఫ్టు చెయ్యాలన్నాడు. ఆ సాయంత్రం నేనూ, పెద్దమ్మా, కార్డు వదినా, ఇంకొంతమందిమీ మొదటిసారి వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాం. అందరం వెళ్ళాక వెనక తలుపు పడింది. బయటినుంచి తాళం తిప్పిన చప్పుడయ్యింది. ముందు గేటుకి అప్పటికే వేశారు.

ఇనుప తలుపు. లోపలివైపు, మనిషి భుజాల ఎత్తులో పెయింటు లేచిపోయి సొట్టలు పడి ఉంది. చాలామంది చాలాసేపు కొడితే గానీ ఇనుము అలా కాదు.

కార్డు వదిన కిటికీ దగ్గరికి పరిగెత్తింది. "మేస్త్రీ! తాళమెందుకేశావ్?"

"రాత్రిళ్ళు తాళమే," అన్నాడతను బయటినుంచి, తాపీగా. "వాళ్ళకీ వేసేవాణ్ణి. బాయిలర్ దగ్గర పొగొచ్చిందట, తాళం తీస్తేనే పనిచేస్తామని మొండికేశారు. ఒక్క ఫోను కొట్టాను. ఏమైందో మీరే చూశారుగా."

"వాళ్ళు వేరు, మేం వేరు. నాకు కార్డుంది!" వదిన మెళ్ళో రిబ్బను పట్టుకుని కార్డుని కిటికీ ఊచల్లోంచి బయటికి పెట్టింది.

"దాని మీద సంతకం ఎవరిది?" అని వెళ్ళిపోయాడు.

వదిన ఆ కార్డుని ఊచల్లోంచి వెనక్కి తీసుకుంది. రెండు వైపులా తిప్పి చూసింది. ఆవిడ మొహం చూడలేక నేను తల దించుకున్నాను. కాసేపటికి చక్రాల చప్పుడు వినిపించింది. తడిబట్టల బండిని వదిన రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతోంది. తర్వాత ఒక్క పరుగున తీసుకెళ్ళి తలుపుని గుద్దింది. గోడలు అదిరాయి. "చూస్తారేంటే! తలా ఒక బండి పట్టుకోండి!"

మెషిన్లు ఆపేశాం. పొగ రాలేదు, మంట లేదు, ఎవరూ చావలేదు. తాళం వేశారంతే. అందుకే కొట్టాం. వీధిలో జనం మూగి, ఏమైందేమైందని మేస్త్రీ మీదికి వెళ్తే గానీ తలుపు తెరుచుకోలేదు. తెరిచాక మేం లోపలికి పోలేదు. పొద్దున మిగతా సగం వచ్చింది, వాళ్ళూ పోలేదు. గేటు ముందు కూర్చున్నాం. వెనక తలుపుకి తాళం ఉండకూడదు. పట్టుకుపోయిన వాళ్ళు పనిలోకి రావాలి, కార్డులతో రావాలి. మేం అడిగింది ఇంతే. లోపల దుప్పట్లు కంపు కొట్టాయి. హోటళ్ళవాళ్ళు మేస్త్రీకి ఫోన్లమీద ఫోన్లు.

వాళ్ళను ఓడ ఎక్కించేస్తున్నారని కబురు తెలిసి, అందరం కలిసి వాళ్ళను ఉంచిన భవనానికి నడిచాం. మాకు ఇంకా గొంతు కలవలేదు, ఒకరు నినాదం ఎత్తుకుంటే ఇంకొకరు వేరేది ఎత్తుకుంటున్నారు. గుమ్మంలో బల్ల వేసుకుని అధికారి కూర్చున్నాడు.

"రక్తసంబంధం ఉన్నవాళ్ళే అడగాలి. మీకెవరైనా ఉన్నారా లోపల?"

నేను ముందుకెళ్ళాను. "మా అక్క ఉంది."

"పేరు?"

"తెలీదు."

"ఎలా ఉంటుంది?"

"చూళ్ళేదు."

పోలీసులు పగలబడి నవ్వారు. మా వాళ్ళలోనూ ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఏడుపొచ్చింది, అయినా చెప్పాను. "ఎడమవైపు తిరిగి పడుకుంటుంది. కుడిభుజం నొప్పి. మా ఇద్దరిదీ ఒకే మంచం. ఆవిడ లేచి వెళ్ళాక నేను పడుకుంటే వెచ్చగా ఉంటుంది."

వెనకనుంచి కార్డు వదిన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "అక్కంటే ఇంకేం కావాలయ్యా నీకు?"

అధికారి నా కార్డు అడిగి తీసుకున్నాడు. ఎవరికో ఫోను చేశాడు. "మీ మేస్త్రీ సంతకం వెనక్కి తీసుకున్నాడు. ఇది చెల్లదు. నువ్వూ లోపలికి నడు" అన్నాడు.

అయిపోయింది. పొద్దున లేచినప్పుడు నేను చట్టం ప్రకారం ఉన్నదాన్ని, సాయంత్రానికి దొంగతనంగా వచ్చినదాన్నయ్యాను. వదినా పెద్దమ్మా నా చేతులు పట్టుకుని ఒకవైపు, పోలీసులు ఇంకోవైపు లాగారు. గుమ్మం దాటించేటప్పుడు వెనక్కి చూస్తే మా వాళ్ళంతా రోడ్డుకి అడ్డంగా కూర్చుంటున్నారు.

లోపల పొడుగాటి హాలు. నేల మీద వరసగా పల్చటి పరుపులు. సాయంత్రం వెలుతురు పై కిటికీలోంచి పడుతోంది. ఎవరి మొహాలూ నాకు తెలియవు. ఎవర్ని పలకరించాలో తెలియక పరుపుల మధ్య నడుస్తూ పోయాను. చివర, గోడకు మొహం పెట్టి, ఎడమవైపు తిరిగి ఒకామె పడుకుని ఉంది. కుడిభుజం మీద చెయ్యి వేసుకుని పిసుక్కుంటోంది. జుట్టు సగం నెరిసింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

నా చప్పుడు విని ఆవిడ ఇటు తిరక్కుండానే దుప్పటి అంచు ఎత్తింది. "నిలబడ్డావేంటి, చోటుంది, పడుకో."

దూరాను. వెచ్చగా ఉంది.

"అక్కా," అన్నాను, "ఇల్లుగలామె గది, కిటికీ పక్క మంచం..."

ఆవిడ చటుక్కున ఇటు తిరిగింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "దువ్వెన నిండా వెంట్రుకలు వదిలేసిపోయే పిల్లవి నువ్వేనా?"

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఆవిడకీ అంతే. బయట జరిగిందంతా చెప్పాను, తాళం సంగతీ, బండ్ల సంగతీ. "వదిన కొట్టిందా, కార్డున్నావిడే?" అని రెండుసార్లు అడిగింది. ఆ మంచం మీద ఎన్ని రాత్రులు, ఎన్ని పగళ్ళు గడిపామో గానీ, ఇద్దరం ఒకేసారి పడుకోవడం అదే మొదలు.

పొద్దున బయట గేటు మీద దడదడమని చప్పుడు మొదలైంది. చెప్పులతోనో బకెట్లతోనో కొడుతున్నారు. అక్క లేచింది. దుప్పటి పరిచి, అంచులు చుట్టూ దోపడం మొదలుపెట్టింది.

"ఎవరికక్కా?"

"చప్పుడు వింటున్నావుగా. వాళ్ళు ఊరుకుంటారా? వస్తారు."

అంతలోనే తలుపు తెరిచి కొంతమందిని లోపలికి తోశారు. అందరికన్నా ముందు కార్డు వదిన, జుట్టంతా రేగిపోయి. మెళ్ళో రిబ్బను లేదు.

"కార్డేది వదినా?"

"ఆ బల్ల దగ్గరివాడి మొహాన కొట్టాను."

అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని గోడవైపు చూపించింది. "అలిసిపోయినట్టున్నావమ్మా. అదిగో, అక్కడ వెచ్చగా ఉంటుంది. కాసేపు పడుకో."

"పడుకోడానికి వచ్చానా?" అని వదిన చెప్పు తీసి చేత్తో పట్టుకుని, మూసిన తలుపు దగ్గరికి నడిచింది. మేమంతా ఆవిడ వెనక లేచాం.